అంజుమ్ తల్లి కావడం: అరుంధతీ రాయ్ రెండో నవలలో హిజ్రా జీవితం, పెంపకం, భాష

ఈ భాగంలో మీరు ఒక ఇంగ్లీషు నవల గురించి చదువుతారు. తెలుగు మాధ్యమంలో చదివే మనకు ఇంగ్లీషు నవల ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ నవల చివరి భాగంలో ఒక తెలుగు స్త్రీ రాసిన ఉత్తరం ఉంది. కథలోని ముడి విడేది ఆ ఉత్తరంతోనే. అంతకంటే ముఖ్యమైన కారణం ఒకటుంది. ఈ నవల మొదట్లో ఒక తల్లికి వచ్చిన సందేహం, మీరు వ్యాకరణ పాఠాల్లో చదివిన మహత్తు, అమహత్తుల దాకా మనల్ని తీసుకువస్తుంది. ఆ సంగతి కొంచెం ముందుకు వెళ్లాక చూద్దాం.

నవల పేరు 'ద మినిస్ట్రీ ఆఫ్ అట్‌మోస్ట్ హ్యాపీనెస్'. 2017లో వెలువడింది. అరుంధతీ రాయ్ మొదటి నవల 1997లో వచ్చింది. మధ్యలో ఇరవై ఏళ్లు ఆమె నవల రాయలేదు. వ్యాసాలు రాశారు, ఉద్యమాల వెంట తిరిగారు. ఆ తిరుగుడంతా ఈ రెండో నవలలోకి వచ్చి చేరింది. అందుకే ఇది కొందరికి కిక్కిరిసినట్టు అనిపిస్తుంది. కశ్మీరు, గుజరాతు, జంతర్ మంతర్ ధర్నాలు, దండకారణ్యం అన్నీ ఇందులో ఉన్నాయి. మనం వాటన్నిటి జోలికి పోవడం లేదు. అంజుమ్ అనే ఒక పాత్రను, ఆమె పెంచాలనుకున్న ఇద్దరు ఆడపిల్లలను మాత్రమే వెంబడిస్తాం.

పాత ఢిల్లీలో ఒక పుట్టుక

జహనారా బేగం, ములాఖాత్ అలీ దంపతులకు వరసగా ముగ్గురు ఆడపిల్లలు. మగబిడ్డ కోసం ఆరేళ్లు ఎదురుచూశారు. నాలుగో కాన్పులో మంత్రసాని మగపిల్లాడు పుట్టాడని చెప్పింది. అఫ్తాబ్ అని పేరు పెట్టుకున్నారు. మర్నాడు తల్లి బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒళ్లంతా తడిమి చూసుకుంటుంటే, మగ అవయవం కింద చిన్నగా ఆడ అవయవం కూడా కనిపించింది. ఆ క్షణంలో ఆమెకు కలిగిన భయాన్ని రచయిత్రి మెట్టుమెట్టుగా చూపిస్తారు. బిడ్డను చంపి తానూ చావాలన్న ఆలోచన కూడా ఆమెకు వస్తుంది. ఆ వెంటనే బిడ్డను గుండెకు హత్తుకుంటుంది. చాలాకాలం భర్తకు కూడా చెప్పకుండా ఆ రహస్యాన్ని ఒక్కతే మోస్తుంది.

ఇక్కడ పదాల విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. అంజుమ్ పుట్టుకతో స్త్రీ, పురుష లక్షణాలు రెండూ ఉన్న శరీరంతో పుట్టింది. దీన్ని నేడు ఇంటర్‌సెక్స్ అంటున్నారు. హిజ్రా అనేది గురువు, చేలా సంబంధాలతో, తనదైన ఇల్లు, ఆచారాలు, జీవనోపాధులతో నడిచే ఒక సమాజం పేరు. ట్రాన్స్‌జెండర్ అన్నది వీటికన్నా విశాలమైన మాట. పుట్టినప్పుడు ఇతరులు నిర్ణయించిన లింగం తనది కాదని ఎరిగిన వ్యక్తులందరికీ ఇది వర్తిస్తుంది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఈ మూడింటినీ ఒకే నిర్వచనంలోకి తెచ్చింది. చట్టానికి అది అవసరం కావచ్చు. సాహిత్యం చదివేటప్పుడు మాత్రం ఈ తేడాలు గుర్తుంచుకోవాలి. నవలలోని ఖ్వాబ్‌గాహ్‌లో కూడా అందరి శరీరాలూ, అందరి కథలూ ఒకటి కావు. నిమ్మో గోరఖ్‌పురి అనే పాత్ర హిజ్రా జీవితం గురించి అంజుమ్‌తో చెప్పే మాటలు చూడండి. మామూలు మనుషుల కష్టాలు బయటివి, ధరలు, బడి సీట్లు, మతకలహాల వంటివి. అవి ఎప్పుడో ఒకప్పుడు సద్దుమణుగుతాయి. హిజ్రాకు ఆ కొట్లాట లోపలే ఉంటుంది, అది సద్దుమణగదు. ఇదీ ఆమె వాదం. అంజుమ్ దీన్ని ఒప్పుకోదు. తర్వాత బయటి కలహమే ఆమె బతుకును రెండు ముక్కలు చేస్తుంది. నిమ్మో చెప్పిన విభజన ఎంత సత్యమో, ఎంత అసత్యమో కథ ఇలా పరీక్షకు పెడుతుంది. పాత్ర చెప్పిన మాటే రచయిత అభిప్రాయమని రాసేయడం పరీక్ష జవాబుల్లో తరచు కనిపించే పొరపాటు. ఈ సందర్భం అందుకు మంచి హెచ్చరిక.

అఫ్తాబ్ ఒకరోజు బజారులో సల్వార్ కమీజ్ వేసుకుని, గాజులు బేరమాడుతూ నడిచిపోతున్న ఒక పొడుగాటి హిజ్రాను చూస్తాడు. ఆమెలా కావాలనుకుంటాడు. ఆమె వెనకాలే నడిచి గలీ డకోతాన్‌లోని నీలం తలుపుల ఇంటిదాకా వెళ్తాడు. ఆ ఇల్లే ఖ్వాబ్‌గాహ్, కలల నిలయం. పదిహేనో ఏట ఉస్తాద్ కుల్సూమ్ బీ చేలాగా అందులో చేరి అంజుమ్ అవుతుంది. మళ్లీ బయటి ప్రపంచంలోకి నడిచి వెళ్లేసరికి ఆమె వయసు నలభై ఆరు.

బృహన్నల అని ఎందుకు అనకూడదు?

తెలుగు పత్రికల్లో హిజ్రాలను మర్యాదగా పేర్కొనాలనుకున్నవాళ్లు 'బృహన్నలలు' అని రాయడం మీరు చూసే ఉంటారు. తిట్టుగా వాడే మాటలతో పోలిస్తే అది మేలే. కానీ పోలిక ఎంతవరకు నిలుస్తుంది? విరాటపర్వంలో అర్జునుడికి అది ఒక్క ఏడాది వేషం. శాపం వరంలా పనికివచ్చింది. గడువు తీరగానే ఉత్తరకుమారుడి రథం మీద గాండీవం పట్టి అసలు రూపం చూపిస్తాడు. 1963 నాటి 'నర్తనశాల' చిత్రంలో ఎన్.టి. రామారావు బృహన్నలను చూసి ప్రేక్షకులు మురిసిపోయారంటే, లోపల ఉన్నది అర్జునుడని వాళ్లకు తెలుసు కనుక. ఆ రహస్యం తెలిసినందువల్లే ఆ పాత్రకు గౌరవం. అంజుమ్ లోపల దాగి ఉన్న అర్జునుడెవరూ లేడు. గడువూ లేదు. ఆమె జీవితమే అది. మన ఇతిహాసాల్లో ఇలాంటి పాత్రలున్నాయి కాబట్టి మన సమాజం వీరిని ఎప్పుడూ ఆదరించిందని వాదించేవారికి, ఇతిహాసం ఇచ్చిన ఆదరణ వేషానికే పరిమితమైందా అన్న ప్రశ్న వేయవచ్చు.

మెట్ల మీద దొరికిన పిల్ల

జామా మసీదు మెట్ల మీద ఏడుస్తున్న మూడేళ్ల పాప అంజుమ్‌కు దొరుకుతుంది. కన్నవాళ్లెవరో తెలియలేదు. పాపకు జైనబ్ అని పేరు పెడతారు. ఆమెను మమ్మీ అని పిలుస్తుంది. ఇక్కడి నుంచి నవలలో అంజుమ్ కోరిక మారుతుంది. తన సొంత ఇంట్లో నిద్రలేవాలి, పిల్లకు యూనిఫాం తొడగాలి, పుస్తకాల సంచీ, టిఫిన్ డబ్బా ఇచ్చి బడికి పంపాలి. కోరిక ఇంతే. మన ఊళ్లలో ప్రతి ఇంట్లో పొద్దున్నే విసుక్కుంటూ చేసే పని అది. ఆ విసుగే అంజుమ్‌కు దొరకని అదృష్టం.

ఈ కోరిక ఎంత పెద్దదో తెలియాలంటే చట్టాల చరిత్ర కొంత తెలియాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. సంచార తెగలపై చేసిన చట్టంగానే అది ప్రసిద్ధం. అందులో రెండో భాగం హిజ్రాల గురించి. పోలీసుల దగ్గర పేరు నమోదైన హిజ్రా ఏ మైనరుకూ సంరక్షకులుగా ఉండరాదు, కొడుకును దత్తత తీసుకోరాదు, వీలునామా రాయరాదు. నేరం చేశారా లేదా అన్నది తర్వాతి మాట, ముందు వాళ్లను కుటుంబం అనే దానికి అవతల నిలబెట్టారు. నిజాం రాజ్యం కూడా 1919లో, ఫస్లీ 1329లో, ఇలాంటి చట్టమే చేసింది. నమోదైన హిజ్రా ఇంట్లో గానీ, ఆధీనంలో గానీ పదహారేళ్లలోపు మగపిల్లవాడు ఉంటే శిక్ష. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ విడిపోయింది. ఆ చట్టం మాత్రం తెలంగాణ హైకోర్టు 2023 జులైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసేదాకా పుస్తకాల్లో ఉంది. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు థర్డ్ జెండర్‌కు గుర్తింపు ఇచ్చిన తరువాత కూడా తొమ్మిదేళ్లు అది అలాగే ఉంది.

అంజుమ్ కథలో ఈ చట్టాల ప్రస్తావన లేదు. కానీ పిల్లను ఎత్తుకున్న హిజ్రాను చూడగానే 'ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో' అని అనుమానించే చూపు ఎక్కడిదో ఈ చరిత్ర చెబుతుంది. ఆ చూపుకు నూరేళ్లకు పైగా ప్రభుత్వ ముద్ర ఉంది.

రాయ్ అంజుమ్‌ను ఆదర్శమాతగా తీర్చిదిద్దలేదు. ఈ నవలలో నాకు బాగా నచ్చిన విషయం ఇదే. అంజుమ్‌కు అసూయ ఉంది. ఖ్వాబ్‌గాహ్‌లోనే ఉండే సయీదా చిన్నది, చదువుకున్నది, కొత్త పదాలు తెలిసినది. పత్రికలవాళ్లు అంజుమ్‌ను వదిలి ఆమె దగ్గరకు వెళ్లడం మొదలుపెడతారు. జైనబ్ కూడా ఆమెకు మాలిమి అవుతుంది. పిల్లకు తరచు జబ్బు చేస్తుంటే, సయీదాయే చేతబడి చేయిస్తోందని అంజుమ్ నమ్ముతుంది. పిల్ల ఆరోగ్యం కోసం మొక్కుకోవడానికి అజ్మీరు దర్గాకు ప్రయాణమవుతుంది. అక్కడి నుంచి తోడుగా వచ్చిన జాకిర్ మియా పని మీద అహ్మదాబాదుకు వెళ్తుంది. అది 2002.

ఆ హత్యాకాండలో జాకిర్ మియా చనిపోతాడు. అంజుమ్ బతుకుతుంది. హిజ్రాను చంపితే అరిష్టం అన్న మూఢనమ్మకం వల్ల మూక ఆమెను వదిలేస్తుంది. జీవితమంతా ఆమెను వెలివేసిన నమ్మకమే ఆమెను బతికించింది. ఇంత చేదు వ్యంగ్యాన్ని రచయిత్రి గొంతు పెంచకుండా చెబుతారు. తిరిగివచ్చిన అంజుమ్ అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పదు. ఒక పని చేస్తుంది. జైనబ్ జుట్టు కత్తిరించి, మగపిల్లల బట్టలు తొడిగి, గాయత్రీ మంత్రం వల్లె వేయిస్తుంది. మూక ఎదురైతే పిల్ల తప్పించుకోవాలి. తన లింగాన్ని తానే ఎంచుకోవడానికి ఇల్లు వదిలిన మనిషి, కూతురిని బతికించుకోవడం కోసం ఆ పిల్ల లింగాన్నీ, మతాన్నీ మార్చి దాచాలనుకుంది. పిల్ల భయపడిపోతుంది. ఖ్వాబ్‌గాహ్ పెద్దలు సమావేశమై అంజుమ్‌ను తప్పుపడతారు. జైనబ్ సయీదా దగ్గర ఉండిపోతుంది. అంజుమ్ బయటికి నడుస్తుంది, తనవాళ్లను పాతిపెట్టిన శ్మశానానికి.

మీరు ఇక్కడ పుస్తకం మూసి ఒక నిమిషం ఆలోచించాలి. జైనబ్‌ను అంజుమ్ నుంచి వేరుచేసింది చట్టం కాదు, పోలీసులు కాదు. హిజ్రాల ఇల్లే. వాళ్లు చేసింది తప్పా? పిల్ల క్షేమం దృష్ట్యా చూస్తే తప్పనలేం. అంజుమ్‌కు అన్యాయం జరగలేదని కూడా అనలేం.

రేవతి ఉత్తరం

శ్మశానంలో సమాధుల చుట్టూ గదులు కట్టి, అంజుమ్ దానికి జన్నత్ గెస్ట్ హౌస్ అని పేరు పెడుతుంది. ఎక్కడా చోటు దొరకనివాళ్లంతా అక్కడికి చేరుతారు. సద్దాం హుస్సేన్ అని పేరు మార్చుకున్న దళిత యువకుడు దయాచంద్, చివరకు తిలోత్తమ. తిలోత్తమ పుట్టుకలోనూ ఒక మెలిక ఉంది. కేరళలో పెళ్లికాకుండా తనను కన్న తల్లే, లోకం కోసం తనను దత్తత తీసుకున్నట్టు నటించి పెంచింది. కన్నతల్లి పెంపుడుతల్లి వేషం వేయవలసి వచ్చింది! తెలుగులో 'పెంపుడు' అన్న మాట పిల్లలకూ వాడతాం, కుక్కకూ వాడతాం. యశోదను మాత్రం ఎవరూ పెంపుడుతల్లి అని పొడిగా అనరు. పోతన భాగవతం చదివినవారికి దేవకి కన్నా యశోదే ముందు గుర్తొస్తుంది. పెంపకాన్ని ఇంతగా కీర్తించిన సాహిత్యం మనకున్నా, ఆ కీర్తి ఎవరు పెంచితే దక్కుతుందన్న ప్రశ్న అలాగే మిగిలింది.

జంతర్ మంతర్ దగ్గర, ధర్నా శిబిరాల మధ్య ఒక రాత్రి పసికందు దొరుకుతుంది. అంజుమ్ ఎత్తుకోబోతుంది. గొడవ జరుగుతుంది. ఆ గందరగోళంలో పాపను తిలోత్తమ తీసుకుపోతుంది. కశ్మీరులో కాల్పులకు బలైన ఒక చిన్నపిల్ల పేరు మీద మిస్ జబీన్ ద సెకండ్ అని పిలుచుకుంటుంది. తర్వాత పాపతో శ్మశానానికే వచ్చి చేరుతుంది.

ఆపైన ఉత్తరం వస్తుంది. రాసినది రేవతి, పాపను కన్న తల్లి. తెలుగు ఆమె మాతృభాష. మావోయిస్టు దళంలో పనిచేసింది. పోలీసులు ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. పుట్టిన బిడ్డకు ఉదయ అని పేరు పెట్టి, ఆ బిడ్డతో ఉండలేక, చంపలేక జంతర్ మంతర్ దగ్గర వదిలి మళ్లీ అడవికి వెళ్లిపోయింది. ఉత్తరం తడబడే ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు పాఠకులకు ఆ వాక్యాల అడుగున తెలుగు వినిపిస్తుంది. ఎదుటివారిని గారు అని సంబోధించడంలో, క్రియలు వచ్చే తీరులో. రాయ్ చెవికి ఇది దక్కిన చోట ఆ ఉత్తరం నిలబడింది. అయితే ఒక జీవితమంతా ఒకే ఉత్తరంలో కుదించి చెప్పడం వల్ల, రేవతి మనిషిగా కన్నా సాక్ష్యంగా మిగిలిపోయిందన్న విమర్శకు తావుంది.

ఉత్తరం విన్నాక శ్మశానవాసులు దాన్నే ఆమె దేహంగా భావించి ఖననం చేస్తారు. పాప పేరు మిస్ ఉదయ జబీన్ అవుతుంది. కన్నది రేవతి, తెచ్చినది తిలోత్తమ, పెంచేది అంజుమ్. ముగ్గురిలో అసలు తల్లి ఎవరని నవల అడగదు. ఆ పేరులోనే ఇద్దరు తల్లుల ఎంపికలు పక్కపక్కన ఉన్నాయి.

(గమనిక: పరీక్షల్లో ఈ రేవతిని ఎ. రేవతితో కలిపి రాయకండి. ఆమె తమిళనాడుకు చెందిన రచయిత్రి, హిజ్రా. ఆమె ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది.)

ఆ ఆత్మకథ పక్కన పెట్టి చదివితే నవల బలహీనతలూ కనిపిస్తాయి. రాయ్ రాసిన ఖ్వాబ్‌గాహ్‌లో పాటలు, కథలు, పాత సౌధపు అందం ఎక్కువ. పొద్దున్నే లేస్తే ఈ రోజు తిండి ఎలా, రాత్రి వీధిలో పోలీసుల చేతిలో పడకుండా ఎలా అన్న ప్రశ్నలు తక్కువ. సయీదా వాడే కొత్త పరిభాషను కథనం కొంచెం వెటకారంగా చూస్తుంది. ఆ పరిభాష వల్లే కోర్టుల్లో కొన్ని హక్కులు వచ్చాయన్న సంగతి ఆ వెటకారంలో మరుగునపడింది. నవల మధ్యలో కథ కశ్మీరుకు మళ్లాక అంజుమ్ చాలా పేజీలు కనబడకుండా పోతుంది. అంతకుముందు ఆమె వెంట నడిచిన పాఠకుడికి అది లోటే.

భాషకు వెలుపల బతకగలమా?

మొదట చెప్పిన సందేహానికి ఇప్పుడు వద్దాం. బిడ్డ శరీరం చూసిన జహనారా బేగంకు వచ్చిన పెద్ద చిక్కు భాషది. ఆమెకు తెలిసిన ఉర్దూలో ప్రతి వస్తువుకూ లింగం ఉంది. తివాచీకి ఉంది, కలానికి ఉంది, వాద్యాలకు ఉంది. తన బిడ్డ ఏ పక్కకు చెందుతుంది? ఏ పక్కకూ చెందనిది భాషకు వెలుపల ఉన్నట్టే కదా?

ఇదే బిడ్డ తెలుగింట్లో పుడితే? మన తివాచీకి లింగం లేదు, కలానికి లేదు. కాబట్టి మనకు చిక్కు లేదనుకుంటే పొరపాటు. తెలుగు గీత మరోచోట గీసింది. 'రాముడు వచ్చాడు' ఒకవైపు. 'సీత వచ్చింది', 'బండి వచ్చింది' రెండోవైపు. ఏకవచనంలో పురుషుడు మహత్తు. స్త్రీ, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు క్రియ దగ్గర ఒకే వరసలో నిలబడతాయి. చిన్నయసూరి వ్యాకరణం దీన్ని సూత్రంగా చెప్పింది. బహువచనానికి వచ్చేసరికి స్త్రీకి మహత్తులో చోటు దొరుకుతుంది. రాముడైనా సీతైనా అప్పుడు 'వచ్చారు'.

ఇప్పుడు అంజుమ్ కథను తెలుగులో చెప్పి చూడండి. ఇంగ్లీషులో సర్వనామం మార్చితే చాలు, పేరుతో నెట్టుకొస్తే అదీ అక్కర్లేదు. తెలుగులో ప్రతి వాక్యం చివరా క్రియ అడ్డంపడుతుంది. అఫ్తాబ్ నవ్వాడు, అంజుమ్ నవ్వింది. ఏ పేజీలో 'డు' వదిలి 'ది' పట్టుకోవాలి? గాజుల హిజ్రా వెంట నడిచిన ఆ మధ్యాహ్నమా? ఖ్వాబ్‌గాహ్‌లో చేరిన రోజా? ఈ పాఠంలో నేను ఎక్కడ మార్చానో వెనక్కి వెళ్లి చూడండి. 'నీలం తలుపుల ఇంటిదాకా వెళ్తాడు' అని రాశాను, రెండు వాక్యాల తర్వాత 'అంజుమ్ అవుతుంది' అన్నాను. అంతకుముందే, పదాల తేడా చెప్పిన చోట, 'స్త్రీ, పురుష లక్షణాలు రెండూ ఉన్న శరీరంతో పుట్టింది' అనేశాను. నాకే నిలకడ కుదరలేదు.

ఒక చోట మాత్రం తెలుగు ఉర్దూ కన్నా ఉదారంగా ఉంటుంది. ఉర్దూలో 'నేను వచ్చాను' అనాలన్నా మాట్లాడేవారు ఆడో మగో క్రియ చెప్పేస్తుంది. తెలుగులో 'నేను' అన్నంతసేపు ఎవరూ ఆ ప్రశ్న అడగరు. 'వచ్చాను', 'నవ్వాను', 'పెంచాను'. ఎ. రేవతి ఆత్మకథ తెలుగులో అంత సాఫీగా సాగడానికి సత్యవతి నేర్పుతో పాటు ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. మనిషి తన గురించి తాను చెప్పుకుంటే తెలుగు క్రియకు అభ్యంతరం లేదు. పక్కవాళ్లు ఆ మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టినప్పుడే చిక్కు.

అభ్యాసం: నవల చివర, ఊరంతా నిద్రపోయాక, పాపను ఎత్తుకుని అంజుమ్ ఢిల్లీ వీధుల్లోకి షికారుకు వెళ్లే సన్నివేశం ఉంది. దాన్ని మీ సొంత మాటల్లో ఎనిమిది, పది వాక్యాల్లో తెలుగులో రాయండి. 'నడిచాడు', 'నడిచింది', 'నడిచారు' మూడింటిలో ఏది వాడారో, మిగతా రెండూ ఎందుకు వదిలారో కింద ఒక పేరాలో రాసి సంపర్క తరగతికి తీసుకురండి. 'నడిచారు' అని రాసినవారు ఇంకొక ప్రశ్నకు కూడా సిద్ధపడి రావాలి: అదే పేరాలో అంజుమ్ చంకలో ఉన్న పాపకు మీరు ఏ క్రియ వాడారు?